పిట్టకు రెండో సాక్షి

ఎమ్మిగనూరులో సంతోషమ్మను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. మిషన్ బడి పిల్లలకు ఆమె టీచరమ్మ. పొద్దున్నే వీధిలో పడుగు దారాలు చాచి గంజి పట్టించే మగ్గాలవాళ్ళకు, ఆమె కాస్త దూరం దాటాక, పిట్టల టీచరమ్మ. ఆ మాట ఆమె చెవిన పడేది. పడినా పడనట్టే కొంగు సవరించుకుని అదే నడకన వెళ్ళిపోయేది.

ముప్పై అయిదు దాటిన మనిషి. తండ్రి మిషన్ ఆస్పత్రిలో పుండ్లకు కట్లు కట్టే పనిలో ఉండగానే పోయాడు. తల్లి అంతకు ముందే పోయింది. పెళ్ళిమాటలు ఒకటి రెండు వచ్చాయి గానీ, ముందుకు వచ్చి మాట్లాడే పెద్దలు ఆ ఇంట్లో లేక వచ్చిన దారినే పోయాయి. బడి వెనక ఒంటిగది, ఒక మంచం, ఒక పొయ్యి. ఇంగ్లండుకు తిరిగి వెళ్ళిపోతూ ఒక దొరసాని డాక్టరమ్మ తన సామానంతా పంచిపెట్టినప్పుడు, దుప్పట్లూ గిన్నెలూ అయిపోయాక మిగిలిన పిట్టల బొమ్మల పుస్తకం సంతోషమ్మ చేతికి వచ్చింది. ఆమె దాన్ని గదికి తెచ్చుకుని, అక్షరాలు కనబడనంత మసక పడేదాకా గడప మీదే కూర్చుని చూసింది. మర్నాటి నుంచి తల పైకెత్తి నడవడం మొదలుపెట్టింది.

అలా తలెత్తి నడుస్తూనే ఒక ఆదివారం ఆదోని కోటకొండ మీద విశ్వేశ్వరయ్య దంపతుల దగ్గరికి చేరింది. ఆయన రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా. బండ మీద బోర్లా పడుకుని, ఒంటిగొట్టం దుర్భిణి కంటికి ఆనించుకుని ఉన్నాడు. పక్కన భార్య సుబ్బలక్ష్మి టిఫిను కేరియరుకు కాపలా కాస్తోంది.

“ఆయనకేం కాలేదులేమ్మా,” అంది సుబ్బలక్ష్మి, నిలబడిపోయిన సంతోషమ్మను చూసి. “ఏదో గద్ద గూడంట, సూస్తాండారు. పిల్లల్లేనోళ్ళం కదా, ఊళ్ళో గూళ్ళన్నీ మాకే కావాల.”

“గద్ద కాదక్కా. తెల్ల రాబందు,” అంది సంతోషమ్మ. అన్నాక సిగ్గుపడింది.

విశ్వేశ్వరయ్య దుర్భిణి దించి వెనక్కి తిరిగాడు. “ఎవరమ్మా నువ్వు? ఇన్నేండ్లు యాడుంటివి?”

ఆ మధ్యాహ్నం ముగ్గురూ ఒకే కేరియరులోంచి పులిహోర తిన్నారు. ఆ తర్వాత నాలుగేళ్ళు, మాఘమాసం వచ్చిందంటే చాలు, ప్రతి ఆదివారం చర్చిలో ఉదయం ఆరాధన ముగియగానే సంతోషమ్మ ఆదోని బస్సు ఎక్కేది. చలి వెనక్కి పోయి ఎండ ఇంకా ముదరని ఆ కొద్ది వారాలే పిట్టలకు పండగ. కోయిల గొంతు విప్పేదీ, తేనెపిట్ట కొత్త రంగు తొడుక్కునేదీ, ఎక్కడినుంచో వచ్చిన గులాబీరంగు గోరింకలు జొన్నచేల మీద మబ్బుల్లా వాలేదీ అప్పుడే. వారమంతా ఎవరు ఏం చూశారో చెప్పుకోవడం, మళ్ళీ కలిసి చూడడం. అంతకుమించి ఆ స్నేహంలో ఏమీ లేదు. సంతోషమ్మకు అంతకుమించి అక్కర్లేదు కూడా.

విశ్వేశ్వరయ్య ఒక చట్టం పెట్టాడు. ఒక్కరు చూసిన పిట్ట లెక్కలోకి రాదు. రెండో మనిషి కూడా చూడాలి.

“దస్తావేజుకు సాక్షులు ఇద్దరుండాల,” అనేవాడు. “ఒక్క సాక్షితో వస్తే బల్ల మీద నుంచే వెనక్కి పంపిస్తా. పిట్టకు మాత్రం వేరే న్యాయమా?”

“ఆ పిట్టతో కూడా ఏలిముద్ర ఏయించుకోండి, ఒక పని అయిపోతుంది,” అనేది సుబ్బలక్ష్మి.

నవ్వుకునేవాళ్ళు. ఆ చట్టం అప్పట్లో ఎవరినీ బాధపెట్టలేదు. ముగ్గురూ ఒకే బండ మీద ఉండేవాళ్ళు కాబట్టి, ఒకరు “అదిగో” అంటే రెండు తలలు తిరిగేవి. సంతోషమ్మకు పిట్ట కనబడడం కంటే ఆ తలలు తిరగడమే ఎక్కువ ఇష్టమని అప్పుడు ఆమెకు తెలియదు.

యాభై మూడులో కొత్త రాష్ట్రం వచ్చింది. ఆదోని తాలూకా ఆంధ్రకు వచ్చింది, బళ్ళారి మైసూరుకు పోయింది. ఆఫీసులు పంచుకున్నప్పుడు విశ్వేశ్వరయ్య బళ్ళారి వైపు పడ్డాడు. రైలు స్టేషనులో సామాను ఎక్కించాక ఆయన కిటికీలోంచి చెయ్యి చాపి అన్నాడు: “సుబ్బలక్ష్మి పుట్టిల్లు ఈడే ఉండె. శివరాత్రి పోయినంక వచ్చే ఆదివారం తప్పకుండా వస్తాం టీచరమ్మా. నువ్వేం చూసినావో నువ్వు చెప్పు, మేమేం చూసినామో మేం చెప్తాం.”

“సాక్షి మర్చిపోవద్దు,” అని నవ్వింది సుబ్బలక్ష్మి. రైలు కదిలింది.

ఆ ఏడు మాఘం ఎప్పటిలాగే వచ్చింది. ఆస్పత్రి వెనక చింతచెట్ల మీద కోయిల కూసింది. సంతోషమ్మ నీళ్ళబిందె దించి, తల పక్కకు తిప్పింది. పక్కన గోడ ఉంది. తేనెపిట్ట నల్లగా మెరుస్తూ జిల్లేడు పువ్వుల మీద ఆడింది. ఆమె ఒక్కతే చూసింది. ఏది చూసినా గొంతులో ఒక మాట లేచి, అక్కడే కూర్చుండిపోయేది. ఆదోనికి ఏమని పోవాలి? నాలుగు పిట్టల పేర్లు చెప్పి, ఒక్కదానికీ సాక్షి లేదంటే? తనతో కలిసి చూసే మనిషి ఈ ఊళ్ళో ఒక్కరు కూడా లేరని చెప్పుకున్నట్టే కదా. ఆదివారం నాటికి ఒక్క పిట్టకైనా రెండో మనిషిని సంపాదించాలని పట్టుదల వచ్చింది ఆమెకు.

చర్చి పెద్ద ఇస్సాకును అడిగింది. ఆయన మంచివాడు, పొద్దున్నే నడకకు వెళ్ళే అలవాటున్నవాడు.

“పిట్టల్ని సూడనీకి నాతో వస్తావా అంటాండావా?” ఇస్సాకు గడ్డం గీరుకున్నాడు. “నిన్నూ నన్నూ పొద్దున్నే చేలగట్ల మీద ఊరు సూస్తే, ఊరికి పిట్టలెందుకమ్మా, మనమే చాలు.”

తప్పు పట్టడానికి లేదు. హెడ్మాస్టరుగారి భార్యను పిలిస్తే ఆమె గేటు దాకా వచ్చి, రెండు కాకుల్ని చూసి, “బాగుండాయి” అని లోపలికి వెళ్ళిపోయింది.

చివరికి ఆమె కన్ను హనుమక్క మీద పడింది. ఊరి చివర, ఆలస్యంగా విత్తిన జొన్నచేలో మంచె మీద కూర్చుని పిట్టల్ని తోలే కూలిపని హనుమక్కది. పొద్దు పొడిచింది మొదలు చూపు పిట్టల మీదే ఉండే మనిషి ఊరు మొత్తానికి ఆమె ఒక్కతే. సంతోషమ్మ శనివారం సాయంత్రాలూ బడి లేని పొద్దులూ ఆ చేను గట్టున గడపడం మొదలుపెట్టింది.

“ఏం టీచరమ్మా, మా రెడ్డి నీకు గూడా కూలి కుదుర్చినాడా?” అంది హనుమక్క పైనుంచి.

“లేదక్కా. పిట్టల్ని చూడనీకి వచ్చినా.”

“సూడు, సూడు. యాభై దినాల నుంచి సూస్తాండా, దొంగలంజలు ఒక్కటీ మొగం తిప్పుకోదు.” వడిసెలలో రాయి పెట్టి గిర్రున తిప్పి వదిలింది. గింజల మీద వాలిన గోరింకల మంద రెక్కల చప్పుడుతో లేచి, ఎండలో గులాబీరంగుగా ఒకసారి మెరిసి, అవతలి గట్టున దిగింది.

“ఆ రంగు చూసినావా?”

“రంగు సూసి ఏం జేసేది? తోలనీకి ఉండానమ్మా నేను, సూడనీకి గాదు.”

పేర్లు చెప్పాలని చూసింది సంతోషమ్మ. హనుమక్కకు పిట్టలు రెండే రకాలు, గింజ తినేవీ తిననివీ. తినని వాటి జోలికి ఆమె పోయేది కాదు. అవి తన పని కాదు. అయినా మనిషి మాటకారి. గట్టున కూర్చున్న టీచరమ్మకు పచ్చి జొన్నకంకి కాల్చి ఇచ్చేది, రెడ్డిని తిట్టేది, మొగుడు మారెప్పను తిట్టేది. తిట్లు అయ్యాక రాళ్ళు ఏరుకొచ్చుకునేది.

శివరాత్రి అయిపోయింది. ఆ శుక్రవారం పొద్దున, బడి గంటకు ఇంకా వ్యవధి ఉండగా, చేను పక్కన మోటబావి మీదికి వంగిన వేపచెట్టులో ఏదో తెల్లగా కదిలింది. పేలిక అనుకుంది సంతోషమ్మ. పేలిక ఎగిరింది. నల్లటి తల, పాలలాంటి ఒళ్ళు, ఒంటికి రెండింతలు పొడుగున్న తోక ఈకలు రెండు. కొమ్మ నుంచి కొమ్మకు పోతుంటే ఆ తోక గాలిలో నీళ్ళలా అలలు తిరుగుతోంది. డాక్టరమ్మ పుస్తకంలో ఆ బొమ్మ ఉన్న పుట చివర నలిగిపోయేలా చూసింది ఆమె. దారిన పోతూ ఒక పూట ఆగే పిట్ట. విశ్వేశ్వరయ్య జన్మలో చూడలేదని చెప్పుకునేవాడు.

మంచె వైపు తిరిగి, వేలు చాపి, గొంతెత్తి అరిచింది. “హనుమక్కా, అదిగో, అదిగో.”

హనుమక్క లేచింది. మంచె మీద ఉన్న మనిషికి ఎవరైనా వేలు చూపి అరిచారంటే దానికి ఒక్కటే అర్థం. రాయి వడిసెలలో పడింది, వడిసెల తల చుట్టూ తిరిగింది, వేపకొమ్మ ఫెళ్ళుమంది. తెల్లటి తోక బావి మీదుగా జారి, గట్టు దాటి, తుమ్మల్లో కలిసిపోయింది. ఆకులు కొన్ని నీళ్ళలో పడ్డాయి.

“తగల్లేదు,” అంది హనుమక్క విసుగ్గా.

సంతోషమ్మ తుమ్మల వైపే చూస్తూ అడిగింది. “చూసినావా దాన్ని?”

“సూడకుండా గురి యాడ పెడతా? తెల్లది. తోక ఇంత ఉండె.” హనుమక్క రెండు చేతులూ చాపి చూపించింది. “తల మాత్రం మసిబూసినట్ల నలుపు. మెడ కాడ గూడా. అది గింజ తినేదేనా?”

“కాదక్కా. పురుగులు తింటుంది.”

“మరి యాలమ్మా అట్ల అరిచినావు? ఒక రాయి దండగ.”

సంతోషమ్మ గట్టు మీద కూలబడి నవ్వింది. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. రెండో మనిషి దొరికింది. కొట్టడానికే అయినా, దాని తలనీ మెడనీ తోకనీ చూపు నిలిపి చూసింది.

ఆదివారం తనతో ఆదోనికి రమ్మని అడిగితే హనుమక్క వెంటనే ఒప్పుకుంది. కూతురు అక్కడే జిన్నింగు మిల్లులో పనిచేస్తుంది, చూసి చాలా రోజులైంది. “బస్సు చార్జీ నీదైతే, యాడికైనా వస్తా. ఆ సామికి పిట్ట సంగతి సెప్పాల, అంతే గదా?”

సుబ్బలక్ష్మి పుట్టింటివాళ్ళు పత్తి వ్యాపారస్తులు. వీధి వాకిలికి ఇరువైపులా ఎత్తైన అరుగులు. సంతోషమ్మ ఈ ఇంటికి రావడం అదే మొదలు. నాలుగేళ్ళూ వాళ్ళు కొండ మీదే కలుసుకున్నారు. సుబ్బలక్ష్మి వాకిట్లోకి ఎదురొచ్చి, ఆమె రెండు చేతులూ పట్టుకుని, ఒక్క క్షణం లోపలికి చూసి, మళ్ళీ ఆమె వైపు తిరిగింది.

“లోపల అందరూ చుట్టాలే సంతోషమ్మా. ఈడ అరుగు మీద కూర్చుందాం. గాలి బాగుంటుంది.”

“బాగుంటుందక్కా,” అంది సంతోషమ్మ.

ఉప్మా విస్తరాకుల్లో వచ్చింది. సుబ్బలక్ష్మి తాను తినలేదు. తర్వాత తింటానంది. హనుమక్క అరుగు కింద మెట్టు మీద కూర్చుని సుఖంగా తింది. సంతోషమ్మ ఆకులోకి చూస్తూ తింది.

విశ్వేశ్వరయ్య వచ్చాడు. బళ్ళారి ఆయనకు పడినట్టుంది, ఒళ్ళు చేశాడు. కూర్చుంటూనే హొసపేట దగ్గర కొత్త డ్యాము సంగతి ఎత్తుకున్నాడు. ఆ నీళ్ళ మీద దిగే బాతుల్ని చూడడానికి రెండు కళ్ళూ చాలవు. ఇంజనీర్లు ముగ్గురు, ఒక కాలేజీ మేష్టరు, తానూ. జీపులో పోతారు, పెద్ద దుర్భిణులున్నాయి.

“ఒకడు చూస్తే నలుగురు సాక్షులమ్మా. ఇంక చూసుకో.” నవ్వాడు. “నువ్వు చెప్పు. ఏమేం చూసినావు ఈ ఏడు?”

ఆమె కోయిల చెప్పింది. తేనెపిట్ట చెప్పింది. “అవి ఒక్కదాన్నే చూసినాను సార్. లెక్కకు రావు.”

ఆయన తల ఊపాడు. పోనీలే అంటాడేమోనని ఒక్క క్షణం ఎదురుచూసింది ఆమె. అనలేదు.

“ఒకటి మాత్రం ఇద్దరం చూసినాం,” అంటూ వేపచెట్టు దగ్గర నుంచి మొదలుపెట్టింది. మాటలు తడబడలేదు. నల్లటి తల, పాల ఒళ్ళు, నీళ్ళలా తిరిగిన తోక. చెప్తుంటే విశ్వేశ్వరయ్య ముందుకు వంగాడు. కొండ మీది మనిషి మళ్ళీ కనబడ్డాడు ఆయనలో.

“నిజమేనా? ఎమ్మిగనూరులోనా? రెండో మనిషి ఎవరు?”

“హనుమక్క.”

ఆయన మెట్టు వైపు తిరిగాడు. ఇరవై ఏళ్ళుగా బల్ల ముందు నిలబడ్డవాళ్ళను అడిగిన వరసలోనే, వేరే వరస తెలియనట్టు, అడిగాడు. “నీ పేరు హనుమక్కా? భర్త పేరేమి? ఉండేది యాడ? ఆ చేను ఎవరిది? నువ్వేనా సాక్షి?”

హనుమక్క ఆకు కింద పెట్టింది. సంతోషమ్మ వైపు వంగి మెల్లగా అడిగింది. “ఈ సామి పనిచేసేది యాడ?”

“రిజిస్ట్రారు ఆఫీసులో.”

హనుమక్క రెండు చేతులూ కొంగులోకి పోయాయి. “నాకేం తెలీదు సామీ. నేను మంచె మీద ఉంటి. ఏ పిట్టనూ సూడలేదు.”

“హనుమక్కా,” అంది సంతోషమ్మ. “తోక ఇంత ఉండె అని చెయ్యి చాపి చూపించలేదా నాకు?”

“నేనేం సూడలేదమ్మా. టీచరమ్మ అరిచింది, నేను రాయి ఏసినా. అంతే. నన్నేం అడగద్దండి.”

విశ్వేశ్వరయ్య వెనక్కి జారగిలబడి, ఆ ఇబ్బందిని నవ్వుతో దాటించాలని చూశాడు. “సాక్షే ఎదురు తిరిగితే నేనేం జేసేది టీచరమ్మా?”

“అవును సార్. లెక్కకు రాదు,” అంది ఆమె.

ఆయన మళ్ళీ డ్యాము సంగతిలోకి వెళ్ళాడు. బయల్దేరేటప్పుడు సుబ్బలక్ష్మి వీధిలోకి వచ్చింది. ఏదో చెప్పబోయినట్టు సంతోషమ్మ మోచెయ్యి పట్టుకుంది. లోపలి నుంచి ఎవరో పిలిచారు. “వస్తాండా,” అని అటు తిరిగి, చెయ్యి వదిలేసింది.

హనుమక్క కూతుర్ని చూసి వచ్చాక ఇద్దరూ తిరుగు బస్సు ఎక్కారు. ఆదోని పొలిమేర దాటాక హనుమక్కే గొణిగింది.

“కోపమొచ్చిందా? మా మారెప్ప ఒగసారి పక్కింటోని పొలం కాగితానికి సాక్షి అని ఏలు ఒత్తినాడమ్మా. ఆ ఏలు పట్టుకుని ఎన్నేండ్లు కోర్టుకు తిప్పినారో తెలుసునా? బళ్ళారికి నడిచి నడిచి వాని కాళ్ళు పోయె. పిట్ట కోసం ఇంగ నన్ను గూడా తిప్పుతారా?”

“పిట్టకు కోర్టు లేదక్కా.”

“అది నీకు తెలుసు. ఆ సామి అడిగేది సూస్తే నాకట్ల అనిపించలే.” కొంత ఆగి, “అయినా ఎంత బాగుండె అది,” అంది.

ముందు సీటులో పత్తిగింజల మూట ఒళ్ళో పెట్టుకున్న ముసలాయన వెనక్కి తిరిగాడు. “ఏంది బాగుండె?”

ఇక హనుమక్కను ఆపేవాళ్ళు లేరు. తెల్లటి పిట్ట, ఇంత తోక, ఈ ఊరిది కాదు, యాడి నుంచో వచ్చింది. చేతులు చాపితే పక్క మనిషి తలపాగా కదిలింది. తాను విసిరిన రాయి వెంట్రుకవాసిలో తప్పిందని కూడా చెప్పింది. బస్సులో సగం మంది విన్నారు. నలుగురైదుగురు నవ్వారు.

“నువ్వు గూడా సూసినావా టీచరమ్మా?” అని అడిగాడు ముసలాయన.

“చూసినానప్పా.”

“అట్లనా,” అన్నాడాయన. నమ్మాడు. నమ్మి, ముందుకు తిరిగి, ఈ ఏడు పత్తిగింజల ధర గురించి పక్కాయనతో మాట్లాడసాగాడు. పిట్ట సంగతి అక్కడితో అయిపోయింది.

సంతోషమ్మ కిటికీ వైపు జరిగింది. కోసిన చేలు వెనక్కి పోతున్నాయి. హనుమక్క కునికిపాట్లు పడుతూ, ఒక కుదుపుకు కళ్ళు తెరిచి అడిగింది.

“మళ్ళీ యాడాదికి గూడా పోవాల్నా ఆ సామి దగ్గరికి?”

సంతోషమ్మ గుర్తు చేసుకుంది. ఉప్మా పెట్టినప్పటి నుంచి వీధి మలుపు దాకా, ఒక్కొక్క మాటా తిప్పి చూసుకుంది.

“రమ్మనలేదక్కా,” అంది. “నేనూ అడగలేదు.”

హనుమక్క అప్పటికే మళ్ళీ కళ్ళు మూసుకుంది. బస్సు ఎమ్మిగనూరుకు దగ్గరపడుతోంది. రోడ్డు పక్క తంతి తీగ మీద పాలపిట్ట ఒకటి కూర్చుని ఉంది. బస్సు చప్పుడుకు లేచి, నీలిరెక్కలు పూర్తిగా విప్పి, చేలమీదికి వాలుగా వెళ్ళింది. సంతోషమ్మ హనుమక్కను లేపలేదు. కనబడినంత మేరా చూసి, గాలికి జారిన కొంగు భుజం మీదికి లాక్కుంది.